చిత్రగ్రీవుడూ పసిపిల్లలూ

పిల్లల పుస్తకాలను గూర్చి తీర్పు చెప్పే అధికారం పిల్లలకు తప్ప తక్కిన అందరికీ ఉన్నది. తండ్రులు చెప్పుతారు, ఉపాధ్యాయులు చెప్పుతారు, పాఠ్యగ్రంథాలు నిర్ణయించే సంఘాలవారు చెప్పుతారు. పుస్తకాన్ని అచ్చువేసి అమ్ముకొనేవారు వీరందరికంటె గట్టిగా చెప్పుతారు. ఇట్టి తీర్పుల వలన నష్టపోయిన భారతీయుల గ్రంథాలలో ధనగోపాల్ ముఖర్జీ ఇంగ్లీషులో వ్రాసిన 'గే-నెక్' ఒకటి. 1927లో అమెరికాలో వెలువడిన ఈ పావురం కథకు 1928లో అక్కడి గ్రంథాలయ సంఘంవారి న్యూబెరీ పతకం లభించినది. ఆ పతకం పొందిన మొదటి భారతీయుడు ముఖర్జీయే. పతకం వచ్చినది కనుక ఇది పసిపిల్లల పుస్తకమేనని ఒక పక్షం. అందులో డేగలూ తుపాకులూ చావులూ ఉన్నవి కనుక పసిపిల్లల దరికి రానీయరాదని వేరొక పక్షం. తగని భాగాలను కత్తిరించి, రంగుల బొమ్మలు చేర్చి, ఆరేండ్ల బిడ్డ చేతిలో పెట్టవచ్చునని మూడవ పక్షం. ఈ మూడు పక్షాలవారూ పుస్తకాన్ని కడవరకు చదివినట్లు తోచదు. చదవకుండా మెచ్చుకొనేవారి వలన కలిగే హాని కొద్దిది. చదవకుండా నిషేధించేవారి వలన హాని అంతకంటె కొంచెం ఎక్కువ. కత్తెర పట్టుకొని బయలుదేరే దయామయుల వలన కలిగే హానికి అంతులేదు.

కథ అందరికీ తెలిసి ఉంటుందని అనుకోవడానికి వీలు లేదు కనుక కొంత చెప్పవలె. కలకత్తాలో ఒక బాలుడు ఇంటి మేడమీద పావురాలను పెంచుతూ ఉంటాడు. కథ చాలవరకు అతని మాటలలోనే నడుస్తుంది. ఒక జంట గుడ్లు పెట్టినపుడు, గూటిని శుభ్రం చేయబోయి ఆ బాలుడు ఒక గుడ్డును చేజార్చి పగులగొట్టుతాడు. మిగిలిన గుడ్డులోనుంచి పుట్టినవాడు చిత్రగ్రీవుడు. మెడచుట్టూ మెరిసే వన్నెల వలన అతనికి ఆ పేరు వచ్చినది. దానినే ముఖర్జీ ఇంగ్లీషు చేసి గ్రంథానికి పేరు పెట్టినాడు. చిత్రగ్రీవుడు ఎగరడం నేర్చుకొంటాడు, ఎంత దూరంనుంచి విడిచినా ఇంటి దిక్కు పోల్చుకోవడం నేర్చుకొంటాడు. కొద్ది కాలానికే తల్లినీ తండ్రినీ కోల్పోతాడు. హిమాలయ ప్రాంతానికి తీసుకొనిపోయినపుడు అక్కడి డేగలకు బెదిరి పారిపోయి, సింగలీలా దగ్గరి బౌద్ధమఠంలో ఆశ్రయం పొంది, అక్కడి లామా కృపవలన భయం తీరి తిరిగి వస్తాడు. ఇది పూర్వభాగం. ఉత్తరభాగంలో మొదటి ప్రపంచయుద్ధం వస్తుంది. గోండ్ అనే ముదుసలి వేటగాడు, బాలునికి అడవిని చూపించిన గురువు, చిత్రగ్రీవుణ్ణి ఫ్రాన్సు యుద్ధరంగానికి తీసుకొనిపోతాడు. ఫిరంగుల పొగలోనుంచీ, విమానాల క్రిందినుంచీ వార్తలు మోసి, చివరకు రెక్క విప్పడానికైనా ధైర్యం చాలని స్థితిలో పావురం తిరిగి వస్తుంది. వేటగాని స్థితి అంతకంటె మేలు కాదు. ఇద్దరూ మరల సింగలీలా మఠానికే చేరుతారు.

పతకం సంగతి మొదట ముగించవచ్చును. న్యూబెరీ పతకం 14 ఏండ్ల వయస్సు వరకు గల పిల్లలను దృష్టిలో పెట్టుకొని ఇచ్చేది. పదమూడేండ్ల అక్కకు తగిన పుస్తకం ఐదేండ్ల తమ్మునికి కూడ తగి తీరవలెనని ఆ పతకం ఇచ్చినవారు చెప్పలేదు. పుస్తకం అట్టమీద పతకం బొమ్మ చూచి కొనేవారే ఆ మాట అనుకొంటున్నారు.

ఇక లెక్కలు వేసేవారు. ఏ పుటలో ఎవరు చచ్చినారు, ఎక్కడ నెత్తురు కారినది, ఎన్ని మార్లు డేగ వాలినది అని వారు గుర్తులు పెట్టుకొంటారు. మొత్తం కొంత సంఖ్యను మించినంత మాత్రాన పుస్తకాన్ని పై అరలో పెట్టించుతారు. ఈ కొలతతో మన దేశంలో పుట్టిన బాలసాహిత్యాన్ని కొలిచి చూస్తే మిగిలేది ఏమి? తెలుగు పాఠకునికి చిత్రగ్రీవుడనే పేరు కొత్తది కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన 'నీతిచంద్రిక'లో, మిత్రలాభం ఆరంభంలోనే, వలలో చిక్కిన కపోతరాజు పేరు అదే. తన బంధాలకంటె ముందు తన పరివారం బంధాలను కొరుకుమని ఎలుకను వేడుకొన్న ఆ రాజును ఎరుగని తెలుగు విద్యార్థి చాల కాలం వరకు లేడు. అయితే ఆ మిత్రలాభంలోనే బంగారు కడియం ఆశపెట్టి బాటసారిని బురదలోనికి దించి తిన్న ముసలిపులి ఉన్నది. గ్రుడ్డిగృధ్రం జరద్గవం తొర్రలో చేరి పక్షిపిల్లలను ఒక్కొక్కటిగా తిని, ఎముకలను అక్కడే వదలిపోయిన దీర్ఘకర్ణమనే పిల్లి ఉన్నది. చేయని నేరానికి ఆ ముసలి గృధ్రాన్ని పక్షులు పొడిచి చంపుతవి. దోషి తప్పించుకొన్నది, నిర్దోషి చచ్చినది; ఇంతకంటె క్రూరమైన కథ ముఖర్జీ పుస్తకంలో ఎక్కడా లేదు. దానిని మాత్రం చిన్నపిల్లల చేత కంఠస్థం చేయించినారు. హిందీలో ప్రేమ్‌చంద్ 1931లో వ్రాసిన రెండు ఎద్దుల కథను తీసుకొన్నా అంతే. హీరా, మోతీ అనే ఆ ఎద్దులు దెబ్బలు తింటవి, పస్తులుంటవి, కడకు కసాయివానికి అమ్ముడుపోతవి. ఆ కథ బడులలో పాఠమయినది. దానిని చదివి ఏ తరగతి పిల్లలూ చెడిపోయినట్లు వినలేదు.

లెక్కలవారికి ఇక్కడ ఒక మంచి సమాధానం ఉన్నది. వారు సాధారణంగా చెప్పరు గాని, వారి తరఫున చెప్పడం న్యాయం. నీతికథలో చావుకు ముఖం లేదు. బాటసారిని పులి తిన్నదనడానికి ఒక వాక్యం చాలు. ఆ బాటసారి పేరు మనకు తెలియదు, అతనికి ఇంటివద్ద ఎవరున్నారో తెలియదు. నీతి తేలిన వెంటనే అతణ్ణి మరచిపోతాము. నవల అట్లా కాదు. గుడ్డులో ఉన్ననాటినుంచి చిత్రగ్రీవుణ్ణి ఎరిగిన బిడ్డ, ముక్కు తెరచి మేత అడిగినప్పటినుంచి వెంట నడిచిన బిడ్డ, డేగ నీడ మేడమీద పడినపుడు ఊపిరి బిగపట్టుతుంది. ఆ భయం ఒక వాక్యంతో పోయేది కాదు. కనుక నీతికథలో చెల్లినది నవలలో చెల్లవలెనన్న నియమం లేదు. ఈ మాట నిజం. అయిదారేండ్ల బిడ్డకు 'గే-నెక్'ను చదివి వినిపించవద్దనడానికి ఇంతకంటె బలమైన కారణం వేరొకటి దొరకదు. అయితే దీనినుంచి తేలే నిర్ణయం వయస్సును గూర్చినది మాత్రమే. పుస్తకం మీద మచ్చ వేసేది కాదు. నీతికథలో భయం ఎంత పొట్టిదో ఊరట కూడ అంత పొట్టిది. నవలలో భయం దీర్ఘంగా ఉన్నదన్నవారు ఆ తరువాతి స్వస్థత ఎంత దీర్ఘంగా ఉన్నదో కూడ చూడవలె.

ఈ గ్రంథానికి వస్తువే భయం. పావురం భయానికి వాహకం. ముఖర్జీ దీనిని దాచలేదు. ఉత్తరభాగంలో ఒక అధ్యాయానికి ద్వేషభయాల చికిత్స అనే అర్థం వచ్చే పేరే పెట్టినాడు. కిప్లింగు 'జంగిల్ బుక్' రెండవ సంపుటంలో, 1895లో, భయం అడవికి ఎట్లా వచ్చినదో చెప్పే కథ ఒకటి ఉన్నది. అనావృష్టి కాలంలో నీటి దగ్గర ఏనుగు హాథీ తక్కిన జంతువులకు దానిని చెప్పుతుంది. మొదటి పులి మొదటిసారి చంపినది, దానితో మృత్యువు వచ్చినది, తరువాత మనిషి రూపంలో భయం వచ్చినది. ఆ భయమే అడవిలో అందరినీ ఒక కట్టుబాటులో నిలిపినది. కథ గొప్పది, చెప్పిన తీరు ఇంకా గొప్పది. కాని అందులో భయం శాసనానికి పునాది. భయపడని జంతువు కట్టుబాటుకు లోబడదు. ముఖర్జీ ఇందుకు సరిగా ఎదురు నిలుస్తాడు. అతని దృష్టిలో భయం రోగం. అది వచ్చిన పక్షి ఎగరలేదు, అది వచ్చిన మనిషి ప్రేమించలేడు, అది ద్వేషంగా మారి ఇతరులకు అంటుకొంటుంది. ఇండియాను గూర్చిన రెండు అడవి పుస్తకాలు, ఒకటి పాలకజాతివాడు వ్రాసినది, రెండవది పాలితజాతివాడు వ్రాసినది, భయాన్ని గూర్చి ఇంత భిన్నంగా మాటాడటం ఊరక పోయే విషయం కాదు. మొదటిదానిని ప్రతి ఇంటిలోనికి రానిచ్చి, రెండవదానిలో భయం ఎక్కువగా ఉన్నదని ఆక్షేపించేవారి తర్కం విచిత్రమైనది.

భయాన్ని ఇంత దగ్గరగా చూపిన రచయిత, వినే బిడ్డను రక్షించడానికి ఏమి చేసినాడు? ఇది అడుగవలసిన ప్రశ్న. దీనికి సమాధానం కథను నడిపిన తీరులో ఉన్నది. చిత్రగ్రీవుడు కనబడకుండా పోయినపుడు మనము బాలునితోనూ గోండ్‌తోనూ కలిసి కొండలలో వెదకుతాము. పక్షి ఏమయినదో తెలియదు. ఈ అధ్యాయాలలో ఆందోళన ఉన్నది గాని కండ్లకు కట్టే ఘోరం లేదు. అతడు దొరికిన తరువాతనే, తాను పడిన పాట్లను తన మాటలలో చెప్పనారంభిస్తాడు. పక్షి మాటాడటమేమని పిల్లలు అడుగరు. ఊహ అనే నిఘంటువు దగ్గరుంటే పక్షిభాష తెలిసిపోతుందన్న అర్థంలో రచయిత ముందే పెద్దలకు నచ్చజెప్పినాడు. డేగ గోళ్ళలోనుంచి తప్పించుకొన్న సంగతి, తుపానులో కొట్టుకొనిపోయిన సంగతి, అన్నీ బ్రతికి వచ్చినవాని నోట వింటాము. యుద్ధరంగంలో అతి భీకరమైన ఘట్టం, వార్త మోసికొనిపోయిన ఘట్టం, అదీ పావురమే చెప్పుతుంది. చెప్పుతున్నవాడు ఎదుట కూర్చుండి ఉండగా అతడు చచ్చిపోతాడేమో అన్న బెంగ వినేవారికి ఎట్లా ఉంటుంది? తాత తన చిన్ననాట పామునుంచి తప్పించుకొన్న కథ చెప్పుతూ ఉంటే మనుమడు ఒడిలోనికి ఇంకా జరుగుతాడు గాని లేచి పారిపోడు. ఈ సూక్ష్మం ముఖర్జీకి బాగా తెలుసు. ఘోరాలను లెక్కపెట్టినవారు అవి ఎవరి నోట చెప్పబడినవో లెక్కపెట్టలేదు.

ఇప్పుడు కత్తెరవారి దగ్గరకు రావచ్చును. వారి వాదం పైకి దయతో నిండినది. పిల్లలు సుకుమారులు, కథలో అందమైన భాగాలు ఎన్నో ఉన్నవి, గుడ్డు, పొదుగుట, మొదటి ఎగురుడు, కలకత్తా ఆకాశంలో గుంపులు గుంపులుగా పావురాలు, మంచుకొండలు, వీటిని ఉంచి తక్కినవి తీసివేస్తే నష్టమేమి? నష్టమేమో చూడవలెనంటే వారి పద్ధతిలోనే కత్తిరించి చూడవచ్చును. తల్లిదండ్రులను పోగొట్టుకోవడం పోయినది. డేగలు పోయినవి. యుద్ధం మొత్తం పోయినది. సింగలీలా మఠంలో లామా మాత్రం మిగిలినాడు, కండ్లు మూసికొని ధ్యానంలో. ఎవరికొరకు? రోగి లేని ఇంటికి వైద్యుడు వచ్చి కూర్చుండినట్లు ఉంటుంది. ఆ లామాను కూడ తీసివేస్తే మిగిలేది మేడమీద పావురాల బొమ్మలు. ఆ బొమ్మలకు ముఖర్జీ పేరు ఎందుకు? వీధిలో ఏ పావురాన్ని చూచినా అంతే.

కత్తిరింపు ఎక్కడ మొదలవుతుందో కూడ చూడవలె. మొదటి అధ్యాయంలోని పగిలిన గుడ్డు దగ్గరనే మొదలవుతుంది. కథ చెప్పే బాలుడు చెడ్డవాడు కాడు. గూడు శుభ్రం చేయడం మంచిపనే. మగపావురం తన గుడ్లకు హాని జరుగుతున్నదనుకొని రెక్కలతో అతని ముఖం మీద కొట్టగా, ఆ తత్తరపాటులో గుడ్డు జారిపోయినది. ప్రేమతో చేయబోయిన పనిలో ఒక ప్రాణం పోయినది. అందులో పావురం తప్పు లేదు, బాలునిది కూడ తప్పనడానికి వీలు లేదు. అయినా ఆ బరువు అతని మీదనే ఉన్నది. ఈ అనుభవం తెలియని బిడ్డ ఉన్నదా? కుక్కపిల్లను గట్టిగా హత్తుకొని ఏడిపించిన బిడ్డకు తెలుసు. చేపకు జబ్బు చేసినదని వేడినీరు పోసిన బిడ్డకు తెలుసు. నాలుగేండ్ల వయస్సులో మనసును తొలిచే పశ్చాత్తాపానికి పెద్దల పుస్తకాలలో ఎక్కడా చోటు లేదు. ముఖర్జీ తన పుస్తకాన్ని దానితోనే ఆరంభించినాడు. పిల్లలకు బాధ కలుగుతుందని ఈ పుటను తీసివేసే సంపాదకుడు, తన సుకుమార పాఠకులు ప్రతిదినం పడే బాధను ఎన్నడూ గమనించనివాడు.

'జంగిల్ బుక్' 1967లో చలనచిత్రమయిన విధం కత్తెరవారికి గొప్ప ఆదర్శంగా ఉన్నది. నవ్వులు, ఆటలు, పాటలు. మూల గ్రంథంలో కొండచిలువ కా మౌగ్లీకి స్నేహితుడు, చిత్రంలో వాడు శత్రువు. పిల్లలు చూచి ఆనందించినారు, దానికి ఆక్షేపణ లేదు. చలనచిత్రం వేరొక కళ. అది తన దారి తాను చూచుకోవచ్చును. కాని ఆ చిత్రం చూచినవారు పుస్తకం చదివినామని అనుకొంటున్నారు. సంక్షిప్త ప్రతులలో జరిగేదీ ఇదే, ఇంకా దారుణంగా; ఎందుకంటే అట్టమీద మూలరచయిత పేరే ఉంటుంది. పదేండ్ల వయస్సులో అసలు పుస్తకం ఎదురయితే, ఇది మాకు తెలిసినదే, పావురం కథ, చిన్నపిల్లలది అని ఆ బాలుడు దానిని ప్రక్కకు నెట్టివేస్తాడు. ముందుగా ఇచ్చిన చెడుప్రతి తరువాతి మంచిప్రతికి దారి మూసివేస్తుంది. ఆలస్యంగా చదివిన పుస్తకం చదివినట్లే లెక్క. తొందరపడి పాడుచేసికొన్న పుస్తకం ఇక ఆ బిడ్డకు దక్కదు.

మరి ఎప్పుడు చదువవలె? ఎనిమిది, తొమ్మిది ఏండ్ల వయస్సుకు ముందు కాదనడం సబబుగా తోస్తుంది. అప్పుడయినా మొదటిసారి పెద్దలు చదివి వినిపించడం మేలు. దీనికి కారణం నెత్తురు కాదు. ఆరేండ్ల బిడ్డను ఈ పుస్తకం భయపెట్టడానికంటె ముందు విసిగించుతుంది. ఈ సత్యాన్ని పొగిడేవారూ చెప్పరు, తెగడేవారూ చెప్పరు. ముఖర్జీకి మంచుకొండల మీద సూర్యోదయం కనబడితే కథను అక్కడే ఆపి నమస్కరించడం అలవాటు. ఉపన్యాస ధోరణి కూడ లేకపోలేదు. కథ చెప్పేవారు ఒకచోట బాలుడు, ఒకచోట పక్షి. ఎవరు మాటాడుతున్నారో చిన్నబిడ్డకు తోచదు. తొమ్మిదేండ్లవాడు ఈ మలుపులను ఆటగా తీసుకొంటాడు. బోరిస్ ఆర్ట్సిబాషెఫ్ గీసిన నలుపు తెలుపు బొమ్మలు కూడ ఆ వయస్సువానికే అర్థమవుతవి; పసివాడు వాటిలో రంగులు లేవని అలుగుతాడు. చదివి వినిపించే తల్లిదండ్రులు ఒక జాగ్రత్త పాటించితే చాలు. డేగ ఆకాశంలో ఉండగా పుస్తకం మూసి దీపం ఆర్పరాదు. నిద్ర వచ్చినా సరే, పావురం ఏదో ఒక తొర్రలోనో చూరు క్రిందనో చేరేవరకు చదువవలె. తెల్లవారినదాక డేగను బిడ్డ నెత్తిమీద తిరుగనిచ్చిన తండ్రి, ఉదయం లేచి పుస్తకాన్ని నిందించడం అన్యాయం.

భారతీయ భాషలలోనికి అనువదించేవారికి వేరొక చిక్కు ఉన్నది. ముఖర్జీ వ్రాసినది అమెరికా పిల్లల కొరకు. అందువలన మన పిల్లలు పుట్టినప్పటినుంచి ఎరిగిన సంగతులను ఆయన ఓపికగా వివరిస్తూ ఉంటాడు. హిందువులు ఇట్లా చేస్తారు, మా దేశంలో ఇట్లా అనుకొంటారు అన్న వాక్యాలు తెలుగులోనికో మరాఠీలోనికో యథాతథంగా వస్తే, మన ఇంటిలో మన బిడ్డకు పరాయివాడొకడు మన వంటను వర్ణిస్తున్నట్లు ఉంటుంది. ఆ వాక్యాలు కథలోనివి కావు, సముద్రం ఆవల ఉన్న పాఠకునికి ఇచ్చిన మర్యాద మాత్రమే. ఆ మర్యాద ఇక్కడ అనవసరం. వీటిని వదలిన అనువాదకుణ్ణి కత్తెరవారిలో చేర్చరాదు. అతడు పుస్తకాన్ని ఇంటికి తీసుకొనివస్తున్నాడు.

ఇంతవరకు చెప్పిన ఆక్షేపణలకు సమాధానాలు కలవు. సమాధానం లేని ఆక్షేపణ ఒకటి మిగిలినది, దానిని ఏ హితైషీ లేవదీయకపోవడం ఆశ్చర్యం. గోండ్ ఫ్రాన్సుకు ఎందుకు పోయినాడు? వేటగానికి ఆ యుద్ధంతో ఏమి పని? తొమ్మిదేండ్ల బిడ్డ ఈ ప్రశ్న తప్పక అడుగుతుంది. పుస్తకం దీనికి సమాధానం చెప్పదు. చరిత్ర చెప్పుతుంది. లాహోరు, మీరట్ డివిజన్ల సిపాయిలు 1914 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మార్సేల్స్ రేవులో దిగినారు. చలికాలం ఫ్లాండర్సు బురదలో గడిపినారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర పోరాడినారు. గుర్తు తెలియకుండ పోయినవారి స్మారకంగా అక్కడ నిలిచిన కట్టడం మీద 4,700కు పైగా పేర్లు ఉన్నవి. ఆ సంవత్సరం చివర పదాతిదళాలను మెసపటేమియాకు తరలించినారు. యుద్ధం ముగిసేనాటికి సముద్రాలు దాటిపోయిన భారతీయులు 10 లక్షలకు పైబడినారు. వారిలో ఒక్కరి ఇంటిమీదకైనా ఆ శత్రువు వచ్చినవాడు కాడు. ముఖర్జీకి ఈ సంగతి తెలియదనుకోరాదు. ఆయన అన్న జాదుగోపాల్ ముఖర్జీ బెంగాలు విప్లవకారులలో ప్రముఖుడు. ఆ అన్నను గూర్చి ధనగోపాల్ 1924లో ఒక గ్రంథమే వ్రాసినాడు. అట్టివాడు పావురం కథలో మాత్రం ఈ విషయమై మౌనం వహించినాడు. యుద్ధం పాపమని చెప్పినాడు, ద్వేషం రోగమని చెప్పినాడు. ఎవరి యుద్ధమో చెప్పలేదు. అమెరికా బిడ్డకు ఆ మౌనం వినబడకపోవచ్చును. భారతీయ బిడ్డకు వినబడుతుంది. పసిపిల్లలకు తగదనదలచినవారు డేగలను వదలి ఇక్కడ వేలు పెట్టి ఉంటే వారితో వాదించడం కష్టమై ఉండెడిది. అప్పటికయినా మందు కత్తెర కాదు. పుస్తకం నోరు మూసికొన్న చోట పెద్దలు నోరు తెరవవలె. తాతతండ్రులలో ఆ యుద్ధానికి పోయినవారున్న ఇండ్లు పంజాబులోనూ, గఢ్వాలులోనూ, దక్షిణాదిని కూడ ఉన్నవి.

ముఖర్జీ 1936లో న్యూయార్కులో తన ప్రాణం తానే తీసుకొన్నాడు. భయానికి మందు వ్రాసినవాడు తనకు తాను వైద్యం చేసికోలేకపోయినాడని ఎత్తిపొడిచేవారు ఉండవచ్చును. వైద్యుడు మరణించినంత మాత్రాన ఔషధం చెడదు. పైగా ఈ పుస్తకంలో చికిత్స ఒక్కమారుతో ముగిసినట్లు ఆయన ఎక్కడా చెప్పలేదు. చిత్రగ్రీవుడు పూర్వభాగంలో స్వస్థుడయినాడు. ఉత్తరభాగంలో మరల రోగి అయినాడు.

గోండ్ సంగతీ అంతే. మఠంలో మనసు కుదుటబడిన తరువాత, గ్రామస్థుల ప్రాణాలు తీస్తున్న అడవిదున్నను అతడు చంపవలసి వస్తుంది. పొంచి ఉండటం, దున్న రావడం, కత్తితో ఎదుర్కొనడం, వేట కథలలో ఇంతకంటె ఉత్కంఠ గల ఘట్టం అరుదు. మిగిలిన పుస్తకమంతా పిల్లలకు తగదన్నవారు కూడ సాహసగాథల సంపుటాలలో చేర్చుకోదగినంత చక్కని ఘట్టం. దున్న నేల కూలిన వాక్యం దగ్గర చుక్క పెట్టి, ధైర్యవంతుడైన వేటగాడు గ్రామాన్ని కాపాడినాడని క్రింద ఒక పంక్తి చేర్చితే, ఎవరికీ భయం కలుగని మంచి పాఠం తయారవుతుంది. ముఖర్జీ అక్కడ ఆపలేదు. ఆ చంపుటలో తనకు అంటిన మాలిన్యాన్ని కడిగివేసికోవలెనని గోండ్ తలచుతాడు. గ్రామం తనను మెచ్చుకొంటున్నప్పటికీ అతడు మరల లామా దగ్గరకే పోతాడు.